యంత్రంతో తొండి

కంప్యూటర్‌తో ఆడిన చదరంగం ఆటల ఎత్తులను ఒక నోటుపుస్తకంలో రాసుకొని, గెలిచిన ప్రతి ఆట పక్కన ఎర్ర సిరాతో చిన్న నక్షత్రం గీసుకోవడం నాకు చాలాకాలంగా అలవాటు. ఈ మధ్య ఒక మిత్రుడు ఆ నోటుపుస్తకాన్ని తిరగేస్తూ ఒక నక్షత్రం దగ్గర ఆగి, బల్ల మీదున్న బోర్డును తన వైపు లాక్కొని, ఆ ఆటను మొదటి నుంచీ పావులు జరుపుతూ చూశాడు. ఇరవై మూడో ఎత్తు వచ్చేసరికి తల పైకెత్తి, "అంతదాకా తడబడుతూ ఆడినవాడివి ఇక్కడినుంచి ఒక్కసారిగా ఇంత బాగా ఎలా ఆడావు? ఎన్ని ఎత్తులు వెనక్కి తీసుకున్నావు?" అని అడిగాడు. మూడు అన్నాను. నిజానికి నాలుగు. "అయితే ఇది తొండి," అని నవ్వి, పుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు.

ఆ మాట నన్ను రెండు రోజులు వదలలేదు. పిల్లల ఆటల్లో తొండి అంటే ఇద్దరూ ఒప్పుకున్న నియమాన్ని ఎదుటివాడి కన్నుగప్పి తప్పడం. ఇక్కడ కన్నుగప్పడమన్న ప్రశ్నే లేదు. వెనక్కి తీసుకునే బొత్తాన్ని ఆ ప్రోగ్రామే తెర మీద పెట్టింది, నొక్కగానే మారు మాట్లాడకుండా నా గుర్రాన్ని పాత గడిలోకి చేర్చింది, అలా నాలుగుసార్లు చేసినా దాని ఆటలో విసుగు కనిపించలేదు. నష్టపోవడం, నొచ్చుకోవడం అనేవి తెలియని ప్రత్యర్థికి అన్యాయం చేశానని నన్ను నేను నిందించుకోవడానికి వీల్లేదు. అయినా మిత్రుడి మాటలో తప్పు లేదు. మోసపోయింది యంత్రం కాదు, ఆ నక్షత్రాన్ని నమ్మి ఆటను చదవడానికి కూర్చున్న అతడు. మనిషికీ కంప్యూటర్‌కూ మధ్య జరిగే చదరంగంలో న్యాయం, మర్యాద అనే మాటలు వచ్చినప్పుడల్లా, ఆ బాకీ ఎవరికి చెల్లించాలో వెతికితే చివరికి ఎక్కడో ఒక మనిషే కనబడతాడని అప్పటినుంచి నాకు అనిపిస్తోంది.

నేర్చుకోవడానికి ఎత్తు వెనక్కి తీసుకోవడంలో దోషమేమీ లేదు. మంత్రిని పోగొట్టుకున్న ఆటను మరో ముప్పై ఎత్తులు ఈడ్చడం కన్నా, పోయిన చోటే ఆగి, ఎందుకు పోయిందో చూసుకొని, వెనక్కి వెళ్ళి మళ్ళీ ఆడడం వల్లనే ఎక్కువ నేర్చుకుంటాం. కాకపోతే అది సాధన అవుతుంది గాని పోటీ కాదు. ఏది సాధనో ఏది పోటీయో మొదటి బంటును కదపకముందే తేల్చుకోవాలి. ఆట మధ్యలో, అదీ ఓడిపోతున్నప్పుడు, "ఇది సాధనే కదా" అని గుర్తుకు రావడంలోనే తొండి ఉంది.

ఆటను వదిలేసే విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. మంచి ఆటగాడి ఎదుట మంత్రి పోయాక కూడా ఆటను సాగదీయడాన్ని, నియమాలు అనుమతించినా, చాలామంది అమర్యాదగానే చూస్తారు. ప్రత్యర్థి నైపుణ్యాన్ని శంకిస్తున్నట్లు అవుతుందని, అతని సమయం వృథా అవుతుందని దానికి కారణాలు చెబుతారు. కంప్యూటర్ విషయంలో ఈ రెండు కారణాలూ చెల్లవు కాబట్టి ఆట కట్టేదాకా ఆడతాను, అందుకు సిగ్గుపడను. అయితే లీచెస్ వంటి ఇంటర్నెట్ చదరంగ వేదికల్లో ఔత్సాహికులు తమ సొంత కంప్యూటర్ల మీద నడిపే బాట్ ఖాతాలు, అంటే మనిషికి బదులు ప్రోగ్రామే ఆడే ఖాతాలు, ఉంటాయి. వాటిలో చాలావరకు ఒక సమయంలో కొన్ని ఆటలు మాత్రమే ఆడగలవు. ఓడిపోతున్నామని తెలిశాక గడియారం అయిపోయేదాకా ఆటను వదిలేసి లేచిపోతే బాట్‌కు పోయేదేమీ లేదు గాని, దానితో ఆడాలని ఎదురుచూస్తున్న మరొకరి వంతు పోతుంది.

కంప్యూటర్ మాత్రం ఓటమిని ఒప్పుకోకుండా చివరిదాకా ఆడడాన్ని అహంకారమని విసుక్కునేవాళ్ళను చూశాను. ఒకసారి నా దగ్గర ఏనుగు, రాజు, దాని దగ్గర ఒంటరి రాజు మిగిలాయి. గెలిచానని లేవబోయాను, అది లేవలేదు. దాని రాజును అంచుకు తరుముతూ, మధ్యలో రెండుసార్లు దారి తప్పి మళ్ళీ మొదటికి వచ్చి, ఆట కట్టించడానికి నాకు ముప్పై నాలుగు ఎత్తులు పట్టింది. పావు చంపకుండా, బంటు కదపకుండా యాభై ఎత్తులు గడిస్తే డ్రా అనే నియమానికి మరో పదహారు మాత్రమే మిగిలాయి. మనిషైతే మర్యాదకు పోయి చేయి చాపేవాడు, ఆ ముగింపు నాకు సరిగ్గా రాదన్న సంగతి బయటపడేదే కాదు.

ఇక యంత్రం తరఫున కూర్చున్నవాడి సంగతి. కొన్నేళ్ళ క్రితం ఒక ప్రదర్శన పోటీలో కంప్యూటర్ చెప్పిన ఎత్తులను బోర్డు మీద జరిపే పని నాకు అప్పగించారు. ఎదుట వయసులో పెద్దాయన, నెమ్మదైన ఆటగాడు. ల్యాప్‌టాప్ తెర నా వైపు తిరిగి ఉంది. అందులో ఎత్తుతో పాటు, ఎవరి స్థితి ఎంత మెరుగో చెప్పే అంకె కూడా క్షణక్షణం మారుతూ కనబడేది. పదో ఎత్తు దాటాక ఒక సంగతి గమనించాను. ఆయన బోర్డు వైపు చూస్తున్నంతసేపూ నా ముఖం వైపు కూడా చూస్తున్నారు. ఒకసారి శకటు మీదికి చేయి చాపారు, ఇంకా తాకలేదు, ఆ శకటు కదిలితే వెనకనున్న బంటు పోతుందని తెలిసి నా కళ్ళు అప్రయత్నంగా ఆ బంటు వైపు వెళ్ళాయి. ఆయన చేయి గాలిలోనే ఆగి వెనక్కి వెళ్ళిపోయింది. అది తప్పని నేను ఆయనను అనలేను. ఎదుటివాడి ముఖం చదవడం బోర్డు ముందు ఎప్పుడూ ఉన్నదే. కానీ నా ముఖం ఎదుటివాడి ముఖం కాదు, కంప్యూటర్ లెక్కకు అద్దం పట్టిన ముఖం. వెంటనే అంకెలు కనిపించే భాగాన్ని మూసేసి ఎత్తు ఒక్కటే ఉంచుకున్నాను. ఆ తరువాత నాకూ ఏమీ తెలియదు కాబట్టి నా ముఖంలో చదవడానికీ ఏమీ లేకపోయింది.

అదే ఆటలో రెండు చిక్కులు వచ్చాయి. కంప్యూటర్ చెప్పిన ఎత్తును సరిగా చూడక గుర్రాన్ని పక్క గడిలో పెట్టి గడియారం నొక్కేశాను. ఆయన అభ్యంతరం చెప్పకుండా, "చూసి పెట్టండి" అని మాత్రం అన్నారు. పోటీ నిర్వాహకుడు వచ్చి, పొరపాటు మనిషిది, ఎత్తు యంత్రానిది కాబట్టి సరిదిద్దవచ్చని, పోయిన సమయాన్ని మాత్రం యంత్రం ఖాతాలోనే వేయాలని తేల్చాడు. మరికొంతసేపటికి ఆయన డ్రా ప్రతిపాదించారు. ఒప్పుకొనే అధికారం నాకు లేదని చెప్పాను. "మరి ఎవరిని అడగాలండీ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు, ముందుగా ఎవరమూ ఆ సంగతి మాట్లాడుకోలేదు. ఇద్దరం నిర్వాహకుడి వైపు చూశాం, నిర్వాహకుడు ల్యాప్‌టాప్ వైపు చూశాడు. చివరికి ఆట కొనసాగింది, ఆయన ఓడిపోయారు, లేచి నిలబడి నాకు చేయి అందించారు. నేను గెలవని ఆటకు నేను అందుకున్న ఆ కరచాలనం కొంత ఇబ్బందిగానే అనిపించింది. కానీ అందుకోకపోతే ఆయన చేయి గాలిలో ఉండిపోయేది.

ముందు మాట్లాడుకోకపోవడం వల్ల వచ్చిన చిక్కు ఎంత పెద్దది కాగలదో 1997 మే నెలలో న్యూయార్క్‌లో అప్పటి ప్రపంచ విజేత గ్యారీ కాస్పరోవ్‌కూ ఐబీఎం వారి చదరంగ కంప్యూటర్ డీప్ బ్లూకూ మధ్య జరిగిన పోటీలో ప్రపంచమంతా చూసింది. అంతకుముందు ఏడాది ఫిలడెల్ఫియాలో మొదటి ఆట ఓడినా 4–2తో గెలిచిన కాస్పరోవ్, ఈసారి రెండో ఆటలో యంత్రం ఆడిన ఎత్తులను చూసి, అవి మనిషి ఆలోచించి ఆడినట్లు ఉన్నాయని అనుమానించాడు. ఆ ఆటలో అతడు ఓటమి ఒప్పుకొని లేచిపోయిన స్థితిలో వరుస చెక్‌లతో డ్రాకు దారి ఉందని తరువాత విశ్లేషకులు చూపించారు. ఎదుటనున్నది తప్పు చేయదన్న నమ్మకమే అతణ్ణి అంత తొందరగా లేపిందని నా అనుమానం. యంత్రం లెక్కల నమోదు పత్రాలు చూపమని అడిగితే అప్పుడు ఇవ్వలేదు, చాలా తరువాత ఐబీఎం వాటిని బయటపెట్టింది. ఆరో ఆట పందొమ్మిది ఎత్తుల్లో ముగిసి 3½–2½తో యంత్రం గెలిచింది. మరో పోటీ కావాలన్న కాస్పరోవ్ కోరికను సంస్థ మన్నించలేదు, డీప్ బ్లూ మళ్ళీ ఆడలేదు.

యంత్రంలో మనిషి దూరాడన్న అనుమానాన్ని నేను నమ్మను. అయినా ఆ పోటీ షరతులు న్యాయమైనవని అనలేను. సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను పరిశీలించే యంత్రానికి, కాస్పరోవ్ జీవితమంతా ఆడిన ఆటలన్నీ, వాటితోపాటు గ్రాండ్‌మాస్టర్ల సలహాలూ అందుబాటులో ఉన్నాయి. కాస్పరోవ్‌కు మాత్రం ఆ కొత్త యంత్రం ఆడిన ఆటలు ముందుగా ఇవ్వలేదు. పైగా ఆటకూ ఆటకూ మధ్య ప్రోగ్రామును సవరించుకొనే హక్కు బృందానికి ఉంది. మనిషి కూడా రాత్రి కూర్చొని మరునాటికి సిద్ధమవుతాడు కదా అని దీనికి సమాధానం చెబుతారు. నిజమే, కానీ అలా సిద్ధమైన మనిషి తెల్లారేసరికి మరో మనిషి అయిపోడు. ఇవన్నీ ఒప్పందంలో ఉన్నవే, కాస్పరోవ్ సంతకం చేసినవే. కాబట్టి ఐబీఎం తొండి ఆడిందని అనడానికి వీల్లేదు. ఎదుటివాడు అడగకపోయినా ఇవ్వదగినదాన్ని ఇవ్వలేదని మాత్రం అంటాను.

(పెట్టెలో మనిషి ఉన్నాడేమోనన్న అనుమానానికి చదరంగంలో పాత వారసత్వమే ఉంది. వోల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్ 1770లో వియన్నాలో ప్రదర్శించిన "టర్క్" అనే చదరంగం ఆడే బొమ్మ దశాబ్దాలపాటు రాజులనూ పండితులనూ ఓడించింది, దాని పెట్టెలో నిజంగానే ఒక ఆటగాడు ముడుచుకొని కూర్చునేవాడు. నెపోలియన్ కావాలని తప్పు ఎత్తులు వేస్తే ఆ బొమ్మ బోర్డు మీది పావులన్నీ చేత్తో ఊడ్చేసిందని ఒక కథ ప్రచారంలో ఉంది. యంత్రంతో తొండి ఆడి పట్టుబడిన మొదటి ప్రముఖుడు ఆయనే కావచ్చు.)

తరువాతి పోటీల్లో షరతులు మెరుగుపడ్డాయి. 2002లో బహ్రెయిన్‌లో డీప్ ఫ్రిట్జ్ అనే ప్రోగ్రాముతో 4–4గా సమం చేసిన ప్రపంచ విజేత వ్లాదిమిర్ క్రామ్నిక్‌కు ఆ ప్రోగ్రామును ముందుగానే ఇచ్చారు. 2006లో బాన్ నగరంలో జరిగిన పోటీలో మరో అడుగు ముందుకు వేశారు. కంప్యూటర్ తన ఓపెనింగ్ పుస్తకం నుంచి, అంటే ఆట ప్రారంభానికి ముందే సిద్ధం చేసి దాచిన ఎత్తుల జాబితా నుంచి, ఎత్తులు తీస్తున్నంతసేపు ఆ పుస్తకం పేజీ క్రామ్నిక్‌కు కూడా తెర మీద కనబడేలా ఏర్పాటు చేశారు. నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం ఇదే. ఆట జరుగుతుండగా రాసుకున్న కాగితాలను గాని ఇతర సమాచారాన్ని గాని చూడకూడదని ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే నియమాలు మనుషులకు స్పష్టంగా చెబుతున్నాయి. కంప్యూటర్‌లో దాచిన లక్షలాది ఓపెనింగ్ ఎత్తులు దాని జ్ఞాపకమా, లేక అది పక్కన పెట్టుకొని చూస్తున్న కాగితమా? జ్ఞాపకమే అంటారు ప్రోగ్రాము రాసేవారు, గ్రాండ్‌మాస్టర్ బుర్రలోనూ అవే ఉన్నాయి కదా అని. కానీ ఆ జ్ఞాపకం మనిషికి సరిగ్గా అవసరమైన రోజున మసకబారుతుంది, ఒక ఎత్తుకు ముందు ఒక ఎత్తు తారుమారవుతుంది. ఎన్నడూ మసకబారనిదాన్ని నేను కాగితమనే అంటాను. ఆ వాదనను తెంచడం కష్టం కాబట్టి బాన్‌లో దాన్ని పక్కనపెట్టి, కాగితమైతే ఇద్దరూ చూడండి అన్నారు.

అంత జాగ్రత్తగా షరతులు రాసుకున్న ఆ పోటీలోనే రెండో ఆటలో, 34వ ఎత్తులో, క్రామ్నిక్ తన మంత్రిని అవతలికి జరిపి, మరుసటి ఎత్తులోనే ఆట కట్టే ప్రమాదాన్ని చూడలేదు. ప్రపంచ విజేత ఒక్క ఎత్తు దూరంలోని కట్టును చూడకపోవడం, కంప్యూటర్ అలాంటిది ఎన్నటికీ చూడకుండా ఉండలేకపోవడం, ఇదే అసలు అసమానత్వం అనేవాళ్ళున్నారు. ఇక్కడ నేను ఒప్పుకోను. అలసటనూ పరధ్యానాన్నీ షరతులతో సరిచేయబోతే చివరికి మిగిలేది చదరంగం కాదు. క్రామ్నిక్ కూడా దాన్ని తన తప్పుగానే స్వీకరించాడు, మిగిలిన ఆటలు ఆడి 4–2తో ఓడిపోయాడు.

సమయం సంగతి వేరు, అది నిజంగా షరతే. 1998లో ఇటలీలోని ఇస్కియాలో విశ్వనాథన్ ఆనంద్ రెబెల్ అనే ప్రోగ్రాముతో ఎనిమిది ఆటలు ఆడాడు. మెరుపు ఆటల్లో 3–1తో, పదిహేను నిమిషాల ఆటల్లో 1½–½తో యంత్రం గెలిస్తే, గంటల తరబడి సాగే రెండు ఆటల్లో 1½–½తో ఆనంద్ గెలిచాడు. అవే రెండు పక్షాలు, అదే పోటీ, గడియారం మారగానే గెలుపు చేతులు మారింది. మొత్తం 5–3 అన్న ఒక్క అంకెను చెప్పి ఊరుకోవడం, నా నక్షత్రంలాగే, అబద్ధం కాకపోయినా పూర్తి నిజం కాదు.

యంత్రం బలహీనతలను వెతికి ఆడడం మర్యాదేనా అని కొందరు అడుగుతారు. పదేళ్ళలో ఏ కంప్యూటరూ తనను ఓడించలేదని 1968లో పందెం కాసిన స్కాట్లండ్ ఆటగాడు డేవిడ్ లెవీ, 1978లో టొరంటోలో చెస్ 4.7 అనే ప్రోగ్రామును 3½–1½తో ఓడించి పందెం నిలబెట్టుకున్నాడు. ఏ హడావిడీ లేకుండా, బోర్డు మీది దారులను బంట్లతో మూసి ఉంచి, యంత్రం తనంతట తానే తప్పటడుగు వేసేదాకా కాచుకు కూర్చోవడం అతని పద్ధతి. ఒక్క ఆటలో సరదాకొద్దీ లాట్వియన్ గాంబిట్ అనే దుడుకు ప్రారంభం ఆడి యంత్రంతో దాని బలం మీదే తలపడ్డాడు, ఆ ఆట ఓడిపోయాడు. ఎదుటివాడి బలానికి ఎదురువెళ్ళకపోవడం ఎక్కడా తప్పు కాదు, యంత్రం విషయంలో ఎందుకవుతుంది? నేను మాత్రం ఒక పాత ప్రోగ్రాములో ఒకే ఎత్తుల వరుసలో ఒకే ఏనుగును ప్రతిసారీ పోగొట్టుకునే లోపాన్ని కనిపెట్టి, అదే ఆటను ఆరుసార్లు ఆడి ఆరు నక్షత్రాలు గీసుకున్నాను. కనిపెట్టినందుకు ఒకటి నాకు రావాలి. మిగిలిన ఐదు ఏమిటో నాకే తెలియదు.

మనుషుల టోర్నమెంట్లలోకి కంప్యూటర్లను రానిచ్చిన కాలంలో ఈ ప్రశ్న మరోలా వచ్చింది. అమెరికా పోటీల్లో కంప్యూటర్‌తో జత వద్దని ముందుగా చెప్పే వీలు ఆటగాళ్ళకు ఉండేది. 2000లో నెదర్లాండ్స్ జాతీయ ఛాంపియన్‌షిప్‌లో ఫ్రిట్జ్‌ను ఆడనిచ్చినప్పుడు కొందరు ఆటగాళ్ళు గట్టిగానే నిరసించారు. జాతీయ పట్టానికి ఆడడానికి వచ్చినవాడు యంత్రంతో ఆడడానికి ఒప్పుకున్నట్లు కాదు. అదే దేశంలో, ది హేగ్‌లో, 1986 నుంచి 1997 వరకు జరిగిన ఏగాన్ టోర్నమెంట్లలో మనుషులకు ప్రత్యర్థులు కంప్యూటర్లే, తెలిసే వచ్చేవారు కాబట్టి అక్కడ ఈ గొడవ లేదు.

ఇప్పుడు బలాబలాల ప్రశ్న తీరిపోయింది, జేబులో ఫోను కూడా ప్రపంచ విజేతను ఓడిస్తుంది. సమానంగా ఆడాలంటే యంత్రాన్ని ఏదో విధంగా తగ్గించాలి. "స్థాయి" తగ్గించిన ప్రోగ్రాములు పదిహేను ఎత్తులు గ్రాండ్‌మాస్టర్‌లా ఆడి హఠాత్తుగా మంత్రిని నా బంటు ముందు వదిలేస్తాయి. చిన్నపిల్లవాడితో ఆడుతూ కావాలని ఓడిపోయే పెద్దవాళ్ళ నటనకూ దీనికీ తేడా లేదు, ఆ పిల్లవాడికి అది తెలిసిపోతుంది కూడా. దానికన్నా మొదటే ఒక పావు తీసేసి ఆడే పాత పద్ధతి నాకు నిజాయితీగా కనిపిస్తుంది. 2016లో కొమోడో ప్రోగ్రాము అమెరికా గ్రాండ్‌మాస్టర్ హికారు నకమురాతో ఇలాంటి సడలింపులతో నాలుగు ఆటలు ఆడి మూడు డ్రాలు, ఒక గెలుపుతో బయటపడింది. ఈ మధ్య లీచెస్‌లో లీలా అనే చదరంగ ప్రోగ్రాము ఒక గుర్రం లేకుండానే కూర్చొని బలమైన ఆటగాళ్ళను కూడా ఓడిస్తోంది. దానితో ఆడి ఓడిపోయినప్పుడు నాకు చిన్నతనంగా అనిపించలేదు. ఎంత ఇచ్చిందో మొదటి ఎత్తుకు ముందే బోర్డు మీద కనిపిస్తుంది, నేను అంతకు ఒప్పుకొనే కూర్చున్నాను.

నిన్న రాత్రి ఆ పాత ఆటను మళ్ళీ తీసి, వెనక్కి తీసుకున్న ఎత్తుల పక్కన పెన్సిల్‌తో గుర్తులు పెట్టాను. పదహారో ఎత్తు, ఇరవై రెండు, ఇరవై మూడు. నాలుగోది ఎంత వెతికినా గుర్తుకు రాలేదు. నక్షత్రాన్ని చెరపలేదు గాని, దాని పక్కన "నాలుగు వెనక్కి" అని రాసి, మిత్రుడికి ఫోటో తీసి పంపాను. "మూడన్నావు కదా?" అని వెంటనే జవాబు వచ్చింది.